మోటారు రోలర్ వచ్చింది... గోడ ఒప్పుకోలేదు

రాత్రి పదకొండున్నరకి రీల్స్ చూస్తూ ఏ వస్తువూ ఆర్డర్ చేయకూడదు. ఈ సంగతి నాకు తెలుసు. అయినా చేశాను.

రీల్‌లో ఒకాయన తెల్ల చొక్కా వేసుకుని గోడకి రంగు వేస్తున్నాడు. చేతిలో పొడవాటి రోలర్, దానికో ట్యూబు, ట్యూబు రెండో చివర రంగు డబ్బాలో. బటన్ నొక్కగానే రంగు దానంతటదే రోలర్‌లోకి వచ్చేస్తోంది. ట్రేలో ముంచక్కర్లేదు, స్టూల్ ఎక్కి దిగక్కర్లేదు. ముప్ఫై సెకన్లలో గోడ అయిపోయింది. ఆయన చొక్కా మీద ఒక్క చుక్క లేదు.

సరిగ్గా అప్పుడే మా ఎచ్చెర్ల ఇంట్లో రంగుల గొడవ నడుస్తోంది. మార్గశిరంలో, ధనుర్మాసం రాకముందే చెల్లి నిశ్చితార్థం. ఫంక్షన్ హాలు వద్దు, ఇంట్లోనే చేద్దాం అని అమ్మ పట్టు. ఇంట్లో అంటే హాలుకి రంగు వేయాలి. పదేళ్లుగా మా ఇంటికి రంగులేస్తున్న పెయింటర్ ఒకాయన ఉన్నాడు. చుట్టరికం ఏమీ లేదు, కానీ చిన్నప్పట్నుంచీ చిన్నాన్న అనే పిలుస్తాను. అమ్మ అప్పటికే ఆయనతో మాట్లాడేసింది. హాలుకి లేబర్ 7,000 అన్నాడు. నేను చూసిన మెషిన్ 6,800.

లెక్క చూశారా? 200 మిగులుతాయి, పైగా మెషిన్ మనకే ఉండిపోతుంది. పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేశాను. "చిన్నాన్నా, ఈసారి మేమే వేసుకుంటాం. మెషిన్ తెప్పిస్తున్నా."

అటువైపు ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. తర్వాత "సరే బాబూ, మంచిదే" అని పెట్టేశాడు. ఆ క్షణం గురించి మళ్లీ చెప్తాను. ముందు మెషిన్ సంగతి.

లోపల ఏముంది?

పెద్ద విడ్డూరమేమీ లేదు. చిన్న మోటారు, దానికో పంపు. పంపు డబ్బాలోంచి రంగుని పీల్చి ట్యూబు ద్వారా హ్యాండిల్‌లోకి తోస్తుంది. రోలర్ మధ్యలో ఉండే ప్లాస్టిక్ గొట్టానికి సన్నని రంధ్రాలుంటాయి. రంగు వాటిలోంచి బయటికి ఊరి, పైనున్న బొచ్చుని లోపల్నుంచే తడుపుతుంది. ట్రిగ్గర్ నొక్కితే రంగు వస్తుంది, వదిలేస్తే ఆగుతుంది. అంతే.

అమెరికాలో, యూరప్‌లో వాగ్నర్ లాంటి కంపెనీలు ఇలాంటివి ఎప్పట్నుంచో అమ్ముతున్నాయి. నేను తెప్పించింది వాళ్లది కాదులెండి, పేరు కూడా గుర్తుండని బ్రాండు. అక్కడ ఇంటి యజమానులు చాలామంది తమ రంగులు తామే వేసుకుంటారు. పనివాళ్ల కూలి ఎక్కువ. ముఖ్యంగా అమెరికాలో ఇంటి లోపలి గోడలు కూడా ఎక్కువగా జిప్సమ్ బోర్డువి, నున్నగా, పొడిగా ఉంటాయి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

అసలు మామూలు రోలరే కొత్త వస్తువు. దాన్ని కనిపెట్టినవాళ్లలో ఎక్కువగా వినిపించే పేరు నార్మన్ బ్రేకీ, కెనడాలోని టొరంటో మనిషి, 1940లో. దాని మీద ఆయనకి డబ్బులైతే పెద్దగా రాలేదంటారు. మన దగ్గర చాలాకాలం కుంచెదే రాజ్యం. ఆసియన్ పెయింట్స్ కోసం 1954లో ఆర్.కె. లక్ష్మణ్ గీసిన అల్లరి పిల్లాడు గట్టు గుర్తున్నాడా? వాడి చేతిలో ఉన్నది కూడా కుంచే.

ఇక మా మామ్మ కాలంలో అయితే రంగుల మాటే లేదు. సంక్రాంతి ముందు సున్నం నానబెట్టి, కాస్త నీలిమందు కలిపి, పీచు కుంచెతో వెల్ల వేసేవారు. గోడకి ఆనుకుంటే వీపంతా తెల్లబడేది. "ఆ గోడలే నయం, ఏటా కొత్తగా ఉండేవి" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. నేను నవ్వేవాణ్ని. ఆ మాటలో కెమిస్ట్రీ ఉందని వారం తిరక్కుండానే తెలిసింది.

ఆదివారం పరీక్ష

మా హాలు 14 అడుగులకి 12 అడుగులు, ఎత్తు 10. తలుపులూ కిటికీలూ తీసేస్తే గోడలు దాదాపు 450 చదరపు అడుగులు. ఇంజనీరింగ్ చదివిన పాపానికి పరీక్ష పద్ధతిగా పెట్టాను. ఎదురెదురుగా ఉన్న రెండు 12 అడుగుల గోడల్లో ఒకటి మెషిన్‌తో, రెండోది మామూలు రోలర్‌తో. మిగతా గోడలు తర్వాత. ఫోన్‌లో స్టాప్‌వాచ్. చెల్లి అంపైర్.

మెషిన్‌తో గోడ 8 నిమిషాల్లో అయిపోయింది. నిజంగా బావుంది. చేతికి ఒక లయ దొరుకుతుంది, వంగడం లేదు, ముంచడం లేదు. మామూలు రోలర్‌తో అదే సైజు గోడకి 14 నిమిషాలు, నడుం నొప్పి అదనం. నేను గాల్లో ఉన్నాను. వీడియో తీసి ఆఫీస్ గ్రూపులో పెట్టేశాను కూడా.

కానీ స్టాప్‌వాచ్‌ని గోడ దగ్గర మొదలుపెట్టి గోడ దగ్గరే ఆపేశాను. అసలు మోసం అక్కడే ఉంది.

మెషిన్ బిగించి, రంగు కలిపి, వడకట్టి, ట్యూబులోంచి గాలి పోయేదాకా నడపడానికి 20 నిమిషాలు పట్టింది. మామూలు రోలర్‌కైతే ట్రేలో రంగు పోయడమే, 5 నిమిషాలు. పనయ్యాక మెషిన్ కడగడానికి 45 నిమిషాలు. ట్యూబులో, హ్యాండిల్‌లో, ఆ సన్నని రంధ్రాల్లో రంగు ఎండిందంటే ఇక అది పనికిరాదు. బకెట్ల మీద బకెట్లు నీళ్లు తోడుతూనే ఉండాలి. లోపల ఉండిపోయిన రంగు ఓ పావు లీటరు పైనే కాలవలోకి పోయింది. మామూలు రోలర్ కుళాయి కింద 10 నిమిషాల్లో శుభ్రం.

ఇప్పుడు లెక్క వేయండి. 120 చదరపు అడుగులకి మెషిన్ మిగిల్చింది 6 నిమిషాలు. బిగించడం, కడగడంలో అదనంగా తిన్నది 50 నిమిషాలు. అంటే ఒకే రంగుతో, ఒకే ఊపులో, 1,000 చదరపు అడుగులు వేస్తే గానీ టై అవ్వదు. మా హాలు 450. ఒక కోటుకి నేను అరగంట దాకా నష్టపోయాను.

దీనికి తోడు స్విచ్ బోర్డుల చుట్టూ, కిటికీ అంచుల్లో, మూలల్లో మెషిన్ వెళ్లదు. అక్కడ కుంచే. గోడల కంటే ఆ అంచులకే ఎక్కువసేపు పట్టింది. నా చొక్కా సంగతి అడక్కండి. రంగు కొంచెం పల్చనైందో, ట్రిగ్గర్ వదలడం మర్చిపోయామో, మోచేతి దాకా కారిపోతుంది.

సరే, టైము పోతే పోయింది, గోడ బాగుంది కదా అనుకుని రెండో కోటు కూడా వేసి రాత్రి పడుకున్నాను. రెండ్రోజులు బాగానే ఉంది.

బుధవారం పొద్దున్న

కాఫీ గ్లాసు పట్టుకుని హాల్లోకి వచ్చిన అమ్మ అక్కడే ఆగిపోయింది. వీధి వైపు గోడ మీద, నడుం ఎత్తున, అరచేయంత బుడగ. దాని పక్కన ఇంకోటి. వేలితో నొక్కితే మెత్తగా ఉంది. గిల్లితే రంగు అప్పడంలా ఊడొచ్చింది, వెనకాల పుట్టీ తడిగా, తెల్లటి ఉప్పు పొడితో.

నిశ్చితార్థం పది రోజుల్లో ఉంది.

అమ్మ నన్ను ఒక్క మాట కూడా రంగు గురించి అనలేదు. "ఆయన నీకోసం ఆ మూడు రోజులూ అట్టిపెట్టుకున్నాడు రా. వేరే పని ఒప్పుకోలేదు. నువ్వు ఫోన్లో ఒక్క ముక్కలో వద్దనీసావు" అంది. ఫోన్‌లో ఆ ఒక్క క్షణం నిశ్శబ్దం ఏమిటో నాకప్పుడు అర్థమైంది. సంక్రాంతి ముందు రోజులు రంగుల పనివాళ్లకి సీజను. ఆ మూడు రోజులు ఆయన ఇంట్లో కూర్చున్నాడు. నేను మిగిల్చింది 200 అయితే ఆయన పోగొట్టుకున్నది 7,000.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. అప్పటికి ఆయన చిలకపాలెం వైపు ఇంకో పని ఒప్పుకుని, ఇప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఏం మాట్లాడాలో తెలీలేదు. "తప్పైపోయింది చిన్నాన్నా" అన్నాను.

"తప్పేటుంది బాబూ, నీ ఇల్లు, నీ గోడ" అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని, "ఏటైనాది? ఉబ్బీసిందేటి?" అని ఆయనే అడిగాడు.

"నీకెలా తెలుసు?"

"ఆ వీధి గోడేనా? నాను అమ్మకి సెప్పినాను గదా, ఆ గోడ సూసి గానీ రంగు కొనద్దని."

అమ్మ నాకు చెప్పింది. నేను వినలేదు.

గోడ అవతల

ఆయన వచ్చి హాల్లోకి రాలేదు. ముందు ఇంటి బయటికి వెళ్లాడు. నేను ఆ గోడకి లోపలివైపు గంటలు గంటలు పనిచేశాను గానీ, ఒక్కసారి కూడా అవతల్నుంచి చూడలేదు. అక్కడ డాబా మీది వాన నీళ్ల గొట్టం గోడని ఆనుకుని దిగుతుంది. దాని జాయింటు దగ్గర పగులు. కింద గోడంతా పచ్చగా పాకుడు పట్టి ఉంది. అక్టోబరు, నవంబరు వానలన్నీ ఆ పగుల్లోంచి గోడ తాగింది.

లోపలికొచ్చి పుట్టీ బ్లేడు పిడితో గోడ మీద తడుతూ వెళ్లాడు. ఒకచోట టక్ టక్, ఒకచోట డొల్లగా డుబ్ డుబ్. డొల్లగా వినపడినంత మేరా పెన్సిల్‌తో గుండ్రంగా గీశాడు. బుడగలు రెండే. ఆయన గీసిన గీత మాత్రం సగం గోడ.

ఎందుకిలా అయిందో ఆ రాత్రి కూర్చుని చదివాను. ఇటుకలో, సిమెంటులో లవణాలుంటాయి. నీళ్లు వాటిని కరిగించి పైకి తెస్తాయి. నీళ్లు ఆవిరైపోతే ఉప్పు మిగిలి, స్ఫటికాలై పైపొరని తోస్తుంది. మామ్మ వేసిన సున్నానికి ఈ బాధ తక్కువ. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని తీసుకుని మళ్లీ సున్నపురాయి పొరగా మారుతుంది. ఆ పొరకి సన్నని రంధ్రాలుంటాయి, లోపలి చెమ్మ వాటిలోంచి మెల్లగా బయటికి పోతుంది. పొడి రాలుతుంది గానీ బుడగ కట్టదు. మనం వేసే ఎమల్షన్ ప్లాస్టిక్ లాంటి పొర. ఎంత ఖరీదైనదైతే అంత గట్టి పొర. తడి గోడ మీద దాన్ని వేయడమంటే తడి బట్టని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టడమే. మెషిన్ ఆ పనిని 8 నిమిషాల్లో చేసిపెట్టింది.

"మరిప్పుడు ఏం చేద్దాం చిన్నాన్నా?"

"ఏటీ సెయ్యొద్దు. గొట్టం బాగుసేయించు. డొల్లంతా కొట్టీసి ఒగ్గీ. ఎండలొచ్చేదాకా ఆరనీ. ఇప్పుడు మళ్లీ ఏత్తే మళ్లీ ఉబ్బుద్ది."

"పది రోజుల్లో ఫంక్షన్!"

"నిశ్చితార్థానికి ఎనకాల పూల పరదా కడతారు గదా. ఆ గోడకే కట్టమను."

నాకు తట్టని పరిష్కారం అది. మేం బ్యాక్‌డ్రాప్‌ని ఎదుటి గోడకి అనుకున్నాం. ఇటు తిప్పేశాం.

మెషిన్ ఎక్కడ గెలిచింది?

మరి 6,800 నీళ్లపాలేనా అంటే, కాదు. సీలింగ్ మిగిలిపోయింది కదా. ఆయన పగలు వేరే పనిలో ఉంటాడు కాబట్టి రెండు సాయంత్రాలు మాకిచ్చాడు. సీలింగ్ అంటే పెయింటర్లకి నరకం. మెడ వెనక్కి వాల్చి, స్టూల్ మీద నిలబడి, కళ్లలో రంగు పడకుండా గంటలు గంటలు. ఆయనకి మెడ పట్టేసి రెండేళ్లయింది.

మెషిన్‌కి పొడుగు గొట్టం తగిలించి ఇచ్చాను. మొదట అనుమానంగానే పట్టుకున్నాడు. ఐదు నిమిషాల్లో నాకు రాని విషయం ఆయన పట్టేశాడు. ట్రిగ్గర్ నొక్కి ఉంచకూడదు, ఒక్కసారి నొక్కి, రెండు బారలు లాగాలి. అప్పుడు చుక్క కారదు. ఆయన చేతిలో ఒక్క చుక్క కారలేదు. స్టూల్ ఎక్కకుండా, నేల మీద నడుస్తూ సీలింగ్ మొత్తం అయిపోయింది.

"బావున్నాది బాబూ. మెడకి బావున్నాది" అన్నాడు. మెషిన్‌కి ఇంతవరకూ దొరికిన మంచి రివ్యూ అదే.

మా ఆఫీసులో ఇప్పుడు కోడ్ రాయడానికి ఏఐ టూల్స్ వాడమంటున్నారు. టైపింగ్ పని చిటికెలో అయిపోతోంది. దాంతో "ఇక ఇంతమంది ఎందుకు?" అనే ప్రశ్న ఏదో ఒక మీటింగ్‌లో వస్తూనే ఉంది. నాకు కోపం వచ్చేది. టైపింగే మా పని అనుకుంటున్నారా, సమస్య ఎక్కడుందో వెతకడం ఎవరు చేస్తారు అని. తీరా నా వంతు వచ్చేసరికి రంగు పులమడమే పెయింటర్ పని అనుకుని నేనూ అదే లెక్క వేశాను. ఫోన్ చేసింది కూడా నేనే. దీన్నుంచి పెద్ద సూత్రం ఏమీ తీయను. లెక్క తప్పిందని మాత్రం చెప్తున్నాను.

పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట ఏజెన్సీ వైపు సవరల ఇళ్లలో ఎడిసింగ్ బొమ్మలు చూశారా? ఎర్రటి గోడ మీద బియ్యప్పిండితో గీసిన తెల్లటి మనుషులు, నెమళ్లు, చెట్లు. ఫొటోల్లో మనం బొమ్మలే చూస్తాం. కానీ ముందు ఎవరో ఆ గోడని ఎర్రమట్టితో నున్నగా అలికి ఆరబెట్టాలి. బొమ్మ ఆ తర్వాతే.

కొనాలనుకుంటే

ఒక బెడ్‌రూమ్ కోసమైతే కొనకండి. మంచి మామూలు రోలర్, పొడుగు కర్ర ఒకటి చాలు. ఇల్లంతా ఒకే రంగు, ఖాళీ ఇల్లు, ఎత్తయిన గోడలు, సీలింగులు ఉంటే అప్పుడు ఆలోచించండి. రంగు పల్చని గుడ్డలో వడకట్టండి, నీళ్లు డబ్బా మీద రాసినంతే కలపండి. కోటుకీ కోటుకీ మధ్య రోలర్‌ని తడిగా ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంచండి.

రంగు కొనేముందు చెమ్మ పరీక్ష చేయండి. అడుగు చదరం పారదర్శక ప్లాస్టిక్ షీటు గోడకి పెట్టి నాలుగు వైపులా టేప్ వేసి ఒక రోజు వదిలేయండి. షీటు లోపలివైపు, అంటే గోడ వైపు, నీటి చుక్కలుంటే తడి గోడలోంచి వస్తున్నట్టు. రంగు ఆపేసి కారణం వెతకండి. గోడ అవతలకి వెళ్లి చూడండి.

పాత రంగు గీకేటప్పుడు మాస్కు తప్పనిసరి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో, ముఖ్యంగా తలుపులు, గ్రిల్స్ ఎనామెల్‌లో, ఎంతుందో మనకి తెలీదు. పొడిగా గీకకుండా తడిపి రుద్దండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఇంకొకటి. పెయింటర్‌ని మాట్లాడుకుని వద్దనాల్సి వస్తే ముందే చెప్పండి. లేదా అడ్వాన్సు వదిలేయండి.

నిశ్చితార్థం బాగా జరిగింది. ఫొటోల్లో బంతిపూల పరదా అదిరింది, దాని వెనక సగం గోడ ఇటుకలు కనిపిస్తున్నాయని మాకు నలుగురికే తెలుసు. చిన్నాన్నకి 7,000 ఇచ్చాను. "రెండు సాయంత్రాలకి ఇంతేటి?" అని 3,000 వెనక్కి ఇచ్చాడు. నేను తీసుకోలేదు, ఆయన జేబులో పెట్టుకోలేదు, చివరికి అమ్మ వేసవిలో చేసే గోడకి అడ్వాన్సు అని చెప్పి ఆయన చేతిలో పెట్టింది.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "ఆ మర ఓ నాలుగు రోజులు ఇత్తావేటి? చిలకపాలెంలో పెద్ద సీలింగున్నాది."

ఇచ్చాను. ఇప్పటికి మూడు వారాలైంది. ఇంకా తిరిగి రాలేదు. నేను అడగలేదు కూడా.